ఎండ సోకని తొట్టిలో నీటిమొక్కలు



గాజుతొట్టిలో చేపలను పెంచు వేడుక పట్టణములనుండి పల్లెలకును వచ్చినది. కొమరోలు వంటి యూళ్లలో మనుమలు ముచ్చటపడి తెచ్చిన తొట్టిని, ఎండ తగిలిన నీరు వేడెక్కునని వసారా మూల నుంచుదురు. కొన్నిదినములు మొక్కలు పచ్చగా నుండును. పిమ్మట ఆకులు పండి కుళ్లును, నీరు కంపుకొట్టును, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. మొక్కకు బలము చాలలేదని పిల్లలు ఎరువు వేయుదురు. దానితో పాచి క్రమ్మి తొట్టి మఱింత చెడును.

వాన తక్కువైన మెట్టచేనిలో వరి నాటువాడుండడు. కొఱ్ఱయో సజ్జయో చల్లి, ఉన్న తేమతో పంట గడుపుకొనును. నీడపట్టున నున్న తొట్టియు నట్టి మెట్టచేనే. అక్కడ కొఱత వానకు, ఇక్కడ కొఱత వెలుతురునకు. మొక్క వెలుతురుతోనే తన ఆహారమును వండుకొనును. ఆ వంటలోనే ప్రాణవాయువును నీటికి విడుచును. రాత్రివేళ తానును చేపవలె ఆ వాయువునే పీల్చును. పగటి రాబడి రాత్రి వ్యయమునకు చాలకున్న మొక్క క్షీణించును. రాబడి పెరుగనప్పుడు వ్యయము తగ్గించుట గృహస్థుడెఱిగిన నీతియే గదా!

ఈ లెక్కను లండను నగరమందు రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 1850లో వెల్లడించెను. ఆయన తొట్టిలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. రాలిన ఆకులు కుళ్లి నీరు మురికిపడగా నత్తలను విడిచెను. అవి కుళ్లును తినివేయగా నీరు తేటపడెను. మొక్క, చేప, నత్త తూకముగా నున్నప్పుడే తొట్టి నిలుచునని తేలినది.

కావున మొదట మొక్కను ఎన్నుకొనుడు. ఎఱ్ఱని ఆకుల మొక్కలు సామాన్యముగా హెచ్చు వెలుగు కోరును, నీడకు తగవు. అంగళ్లలో దొరకు జావాఫెర్న్, అనూబియస్ మెల్లగా పెరుగునవి. కొద్ది వెలుగుతోనే తృప్తిపడును. వీని దుంపను ఇసుకలో పూడ్చిన కుళ్లును. రాతికి దారముతో కట్టవలయును. పట్టీలవంటి ఆకులుగల వాలిస్నేరియా మనదేశపు చెరువులలోను పుట్టును. సున్నపుపాలు హెచ్చుగా నున్న బోరునీటిని కూడ ఓర్చుకొనును.

చేపలు కొద్దిగా నుండవలయును. మేత అవి వెంటనే తినివేయునంతయే వేయవలయును. దీపము దినమునకు 6 మొదలు 8 గంటలు చాలును. రాత్రియంతయు వెలిగించిన లాభము పాచికే. వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చి, పండిన ఆకులను త్రుంచివేయవలయును. ఎరువు జోలికి తొందరపడి పోరాదు.

కడపటి మాట ముఖ్యమైనది. తొట్టిలో మిగిలిన మొక్కలను, నత్తలను చెరువులలోగాని వాగులలోగాని విడువరాదు. దక్షిణ అమెరికానుండి పూవుల యందమునకై పలుదేశములకు కొనిపోబడిన గుఱ్ఱపుడెక్క మన కాలువలను, చెరువులను ఎట్లు క్రమ్మినదో మీరెఱుగుదురు. గుండ్లకమ్మ నీటిని నిలిపి కట్టిన కంభము చెరువు శతాబ్దులుగా ఈ సీమకు అన్నము పెట్టుచున్నది. పిల్లల వేడుక అట్టి చెరువునకు చేటు కారాదు. మిగిలిన మొక్కను ఎండలో బాగుగా ఎండబెట్టి ఎరువుగుంటలో వేయించుడు. ఈ జాగ్రత్త పిల్లలకు నేర్పవలసినవారు మీరే.