ఏమీ తినకుండా వెళ్లిన అతిథి
(రేడియో ప్రసంగ పాఠము)

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాలలో ఈ ప్రసంగాన్ని వింటున్న ప్రతి కుటుంబాన్నీ ప్రభువు దీవించును గాక. నేటి ధ్యానమునకు వాక్యభాగము నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము 10వ వచనము. వీలున్నవారు బైబిలు తెరచి చదువుకొనండి.

డిసెంబరు వచ్చిందంటే మన గోదావరి జిల్లాలలో క్రైస్తవుల ఇళ్లలో మూకుడు పొయ్యి మీదికి ఎక్కుతుంది. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, వాటితో పాటు గులాబీ పువ్వులు. మైదా, బియ్యప్పిండి, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు కలిపిన పల్చటి పిండిలో, నూనెలో కాగిన అచ్చును ముంచుతారు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటదు. పూర్తిగా ముంచితే పువ్వు ఊడి రాదు. మన తల్లులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

అయితే, సముద్రాల అవతల చలిదేశమైన డెన్మార్కులో కూడా క్రిస్మస్‌కు ఇలాగే ఇంటింటా పిండివంటలు చేస్తారని మీకు తెలుసా? అక్కడ పిల్లలకు ఎంతో ఇష్టమైన చిన్న బిస్కత్తు ఒకటి ఉంది. దాని పేరు పెబర్‌నోడర్. మన భాషలో చెప్పాలంటే మిరియపు పలుకులు. మైదా, వెన్న, పంచదారలో దాల్చినచెక్క, ఏలకులు, అల్లంపొడి, కొందరైతే తెల్ల మిరియాల పొడి కూడా కలిపి, గోలీకాయలంత ఉండలు చేసి పొయ్యి అరలో కాలుస్తారు. రంగు కాగితాలను అల్లి హృదయం ఆకారంలో చిన్న బుట్టలు చేసి, వాటిలో ఈ బిస్కత్తులు నింపి క్రిస్మస్ చెట్టుకు వ్రేలాడదీస్తారు.

ప్రియులారా, ఆ బిస్కత్తులోని మిరియము, ఏలకి ఆ చలి నేలలో పండేవి కావు. అవి మన దేశపు వైపు నుండి ఓడలలో వెళ్లినవి. ఆ పేరులోని ‘పెబర్’ అనే మాటకు మూలము మన ‘పిప్పలి’యే. పిప్పళ్లు అని నేటికీ మన పచారీ కొట్లలో అమ్ముతారు గదా! మిరియాల వ్యాపారము కొరకే డేనిష్ వారు 1616లో ఒక కంపెనీ పెట్టుకొని, 1620లో తమిళ తీరాన ఉన్న తరంగంబాడిలో కోట కట్టుకొన్నారు. వారు వెదకినది లాభము. దేవుడు ఆ దారినే మరియొక పనికి వాడుకొన్నాడు. 1706లో డెన్మార్కు రాజైన నాల్గవ ఫ్రెడరిక్ పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు మిషనరీలు అదే రేవులో దిగారు. ఆ మిషనుకే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి, తెలుగు నేర్చుకొని, లేఖనములను తెలుగులోనికి తర్జుమా చేయడానికి పూనుకొన్నాడు. 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో ఆయన తెలుగు క్యాటికిజము అచ్చయింది. ఇక్కడి నుండి మిరియము వెళ్లింది. అక్కడి నుండి వాక్యము వచ్చింది.

ఆ డేనిష్ ప్రజలలో పాతకాలం నుండి ఒక మాట ఉంది. క్రిస్మస్ దినాలలో మన గడపలోనికి వచ్చినవారు ఏమీ నోట వేసుకోకుండా వెళ్లిపోతే, వారు ఆ ఇంటిలోని క్రిస్మస్‌ను మోసుకొని వెళ్లిపోయినట్టేనట! అందుకే ఎవరు వచ్చినా, ఒక్క బిస్కత్తయినా తినమని బలవంతము చేసేవారు. అది నాటుమాటే కావచ్చు. కాని నన్ను అడిగితే, అందులో ఒక సత్యము ఉంది.

మన వాక్యభాగములో ఏమి జరిగింది? ధర్మశాస్త్రము విని జనులు ఏడ్వసాగారు. అప్పుడు వారితో, దుఃఖపడకండి, వెళ్లి కొవ్విన మాంసము భుజించండి, మధురమైనది త్రాగండి అని చెప్పారు. అంతటితో ఆగలేదు. తమ కొరకు ఏమీ సిద్ధము చేసుకొనలేనివారికి భాగములు పంపించుమన్నారు. గమనించండి, పంపించుట పండుగ తరువాత చేసే ధర్మకార్యము కాదు. అది పండుగలో భాగమే.

మనమూ పంపుతాము. పళ్లెంలో గులాబీ పువ్వులు పెట్టి, పైన మన నరసాపురం లేసు గుడ్డ కప్పి, పిల్లల చేత ఇరుగుపొరుగుకు పంపుతాము. సంక్రాంతికి వారి ఇంటి నుండి అరిసెలు వస్తాయి. మంచిదే. ఒక మతము వారికి, మరొక మతము వారికి మధ్య ఆ పళ్లెము చేసే మేలు గొప్పది. అయితే డేనిష్ పిల్లలు ఆ మిరియపు పలుకులతో ఆడే ఆట ఒకటి ఉంది. ఒకరు గుప్పెట మూసి పట్టుకొంటారు, లోపల ఎన్ని ఉన్నవో మరొకరు చెప్పాలి. సరిగ్గా చెబితే అన్నీ వారివే. తప్పితే ఎంత తేడా వచ్చిందో అన్ని తిరిగి ఇవ్వాలి. పిల్లలకు అది ఆట. పెద్దలమైన మనకు అదే అలవాటయింది! పోయిన ఏడు వారింటి నుండి ఎన్ని వచ్చాయి? వారు కొట్టు స్వీట్లు పంపితే మనము ఇంటివి పంపుతామా? గుప్పెట మూసి లెక్క కడుతున్నాము. తిరిగి పిలువలేనివారిని పిలువుమని మన ప్రభువు లూకా 14లో చెప్పిన మాట ఎవరికి?

తల్లులారా, అన్నలారా, మీ పళ్లెము ఏ వీధి వరకు వెళ్తుంది? ఎక్కడ ఆగిపోతుంది? ఏడాది పొడవునా కళ్లు పోగొట్టుకొని లేసు అల్లే అక్క ఇంటికి వెళ్తుందా? గట్టు తగాదాలో మాట మానేసిన తమ్ముడి గుమ్మము దాటిందా? మనకు ఇష్టము లేని పెండ్లి చేసుకొన్నదని పదేండ్లుగా పిలువని కూతురు సంగతేమిటి? ఒకప్పుడు మన తాతల చేతి వంట ముట్టనివారున్నారు. ఆ బాధ తెలిసిన మనమే, మన సంఘములోనే, ఫలానా పేట వారి ఇంట తినము అంటే పరలోకమునకు ఏమని జవాబు చెబుతాము?

ప్రియులారా, బేత్లెహేములో సత్రములో స్థలము లేకపోయిన దినము జ్ఞాపకము చేసుకొనండి. ఆ రాత్రి ఎందరి గడపల ముందు నుండి క్రిస్మస్ వెళ్లిపోయిందో! మన గడప ముందు నుండి వెళ్లనీయవద్దు.

ఈ వారము ఒక్క పని చేయండి. అప్పు చేసి వండవద్దు, ఉన్నదానిలోనే వండండి. ఇంటివారికి తీయక మునుపే ఒక పళ్లెము ప్రక్కన పెట్టండి. మీకు తిరిగి పంపలేనివారో, మీరు మాట్లాడడము మానుకొన్నవారో ఒకరి ఇంటికి, పిల్లల చేత కాదు, మీరే తీసుకొని వెళ్లండి. షుగరు ఉన్న పెద్దవారైతే రెండు జంతికలు పెట్టండి, కాసేపు కూర్చోండి. వారు తలుపు తీయకపోతే? మరునాడు మరల వెళ్లండి. మన తలుపు దగ్గర ప్రభువు ఎన్నాళ్లు నిలిచి తట్టాడో మనకు తెలుసును గదా.

ప్రార్థన చేసుకొందాము. ప్రేమగల తండ్రీ, మా గుప్పెటలను తెరువుము. మా గడపకు వచ్చిన ఏ ఒక్కరినీ ఆకలితోను, అవమానముతోను తిరిగి పంపనీయకుము. మేము వెళ్లవలసిన గుమ్మమునకు మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.