తల్లి జైల్లో ఉంటే బిడ్డది తప్పా?

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)



పొద్దంతా కూలికి పోయి, వంట ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి మీరు ఇక్కడికి వచ్చారు. అందుకని పెద్ద పెద్ద మాటలు చెప్పను. ముందు నేను చూసిన సంగతి చెబుతాను. తర్వాత చట్టం ఏమంటుందో చెబుతాను. చివర్లో మనం ఏం చేయగలమో చూద్దాం.

నేను టీచర్ ట్రైనింగ్ చదివాను. పగలు పక్క ఊరి బడిలో వలంటీరుగా పాఠాలు చెబుతున్నాను. అక్కడ మూడో తరగతిలో ఒక పాప ఉంది. పేరు చెప్పను. లెక్కల్లో చురుకైన పిల్ల. ఒక సోమవారం బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. పది రోజులు వరసగా హాజరు పట్టీలో "రాలేదు" అని గుర్తు పెట్టాను.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. పొలం గట్టు దగ్గర తగాదా జరిగింది. కర్రలు లేచాయి. ఒకాయన తల పగిలింది. పాప అమ్మనూ నాన్ననూ పోలీసులు అరెస్టు చేశారు. కోర్టు ఇద్దరినీ రిమాండుకు పంపింది. రెండేళ్ళ తమ్ముడు ఇంకా పాలు మానలేదు. వాడు అమ్మతో పాటే జైలుకు పోయాడు. పాప అవ్వ దగ్గర మిగిలింది.

అన్నీ తెలిసి కూడా పది రోజులు నేను ఆ ఇంటి వైపు పోలేదు. "పోలీసు కేసు, మనకెందుకులే" అనుకున్నాను. ఆ తప్పు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

పదకొండో రోజు వెళ్ళాను. అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "పాపను బడికి ఎందుకు పంపడం లేదు అవ్వా?" అని అడిగాను.

"ఏ మొహం పెట్టుకుని పంపమంటావు తల్లీ? పంపు కాడ పిల్లలు 'జైలోళ్ళ పిల్ల' అంటున్నారు. దీంతో ఎవరూ ఆడరు. నాతో ఎవరూ మాట్లాడరు" అంది.

ఇంట్లో రేషను బియ్యం ఉన్నాయి. పప్పు లేదు, నూనె లేదు. ఉన్న రెండు మేకలూ అమ్మేసింది. బెయిలు ఇప్పిస్తానని ఒకడు వచ్చి ఎనిమిది వేలు పట్టుకుపోయాడు. తెల్లకాగితం మీద అవ్వ వేలిముద్ర కూడా వేయించుకున్నాడు. మళ్ళీ కనపడలేదు.

చూశారా అక్కా! గొడవ జరిగింది గట్టు మీద. గొడవ పడింది పెద్దవాళ్ళు. పస్తులున్నది మాత్రం ముసలమ్మ, పసిపిల్ల.

మీలో కొందరు అనుకోవచ్చు. "తప్పు చేస్తే జైలుకు పోతారు. దానికి మనమేం చేస్తాం?" అని. వాళ్ళు తప్పు చేశారో లేదో నాకు తెలియదు. తేల్చాల్సింది కోర్టు. దెబ్బ తిన్న ఆయనకూ న్యాయం జరగాలి. కానీ ఒక్కమాట. రిమాండు అంటే శిక్ష కాదు. కేసు విచారణలో ఉందని అర్థం. నేరం రుజువయ్యేదాకా ఆ మనిషి నేరస్తురాలు కాదు. ఒకవేళ రుజువైనా, బిడ్డ ఏ నేరం చేసింది?

ఇప్పుడు చట్టం సంగతి చెబుతాను. కొత్త మాటలు వస్తాయి. అర్థం కాకపోతే మధ్యలోనే అడగండి.

అరెస్టు చేసేటప్పుడు

పొద్దు గూకిన తర్వాత, తెల్లవారక ముందు ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి వస్తే మహిళా పోలీసు అధికారి రావాలి. మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఇంట్లోవాళ్ళకు కబురు చేయాలి. దారి ప్రయాణం పోను 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సాక్ష్యం కోసమో, వివరాలు అడగడానికో అయితే ఆడమనిషిని స్టేషనుకు రమ్మని పిలవకూడదు. ఆమె ఇంటి దగ్గరే అడగాలి.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల మీద కేసు వస్తే వాళ్ళను లాకప్పులో పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. 24 గంటల లోపల బాలల న్యాయ మండలి ముందుకు తీసుకుపోవాలి.

లాయరుకు డబ్బు లేకపోతే

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. అవ్వ మేకలు అమ్మాల్సిన పని లేదు.

1987లో న్యాయ సేవల చట్టం వచ్చింది. 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, జైల్లో ఉన్నవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వమే ఉచితంగా లాయరును పెడుతుంది. ఆడవాళ్ళకు ఆదాయం లెక్క కూడా చూడరు. ఇది దానం కాదు, మన హక్కు. జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. చాలా చోట్ల మన దగ్గరి కోర్టులోనే మండల న్యాయ సేవా కమిటీ కూడా ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు. ఫోను నంబరు 15100. ఈ నంబరుకు ఫోను చేస్తే డబ్బులు పడవు. మీ పలకల మీద రాసుకోండి. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.

మా హెడ్మాస్టరు గారు ఈ సంగతి చెబితే నేను అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాను. అర్జీ నేను రాశాను. అవ్వ వేలిముద్ర వేసింది. వేసే ముందు చదివి వినిపించాను. వారం తిరక్కుండా లాయరమ్మను పెట్టారు. పైసా తీసుకోలేదు.

బెయిలు వచ్చినా బయటికి రాలేకపోతే

కోర్టు బెయిలు ఇచ్చింది. అయినా పాప అమ్మ బయటికి రాలేదు. ఎందుకని? ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. జామీను అంటే "ఈ మనిషి ప్రతి వాయిదాకు వస్తుంది, దానికి నాదీ పూచీ" అని కోర్టుకు రాసివ్వడం. ఆమె రాకపోతే రాసిచ్చిన డబ్బు జామీనుదారు కట్టాల్సి రావచ్చు. ఆ ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. నెల గడిచిపోయింది.

ఇలాంటి బాధ ఈనాటిది కాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ ఉండేవాడు. పదివేల రూపాయల జామీను తెమ్మన్నారు. అతని అన్నదమ్ముడు పూచీ ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. 1978లో ఆ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. జస్టిస్ కృష్ణయ్యర్ గారు పేదవాడికి మోయలేని జామీను పెట్టకూడదన్నారు. వెయ్యి రూపాయలకు అతని సొంత పూచీకత్తు మీదే వదిలిపెట్టమన్నారు.

2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే, జైలు అధికారి ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటినా జామీను దొరక్కపోతే, షరతులు తగ్గించే సంగతి కోర్టు ఆలోచించవచ్చు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పేద ఖైదీల జామీనుకు, జరిమానాకు సాయం చేసే పథకం పెట్టింది. వీటి గురించి లాయరును అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా!

మా లాయరమ్మ అడిగింది. కోర్టు జామీను తగ్గించింది. ఒక్క జామీనుదారు చాలంది. అప్పుడు అవ్వ ఉన్న పొదుపు సంఘం లీడరక్క ముందుకొచ్చింది. "కోడలు పారిపోయే మనిషి కాదు. నేను సంతకం పెడతా" అంది. పెట్టేముందు కాగితం రెండుసార్లు చదివింది.

జైల్లో పసిబిడ్డ

ఇక ఆ రెండేళ్ళ పిల్లవాడి మాట. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ పేరుతో ఉన్న కేసే. ఆర్.డి. ఉపాధ్యాయ్ అనే ఆయన వేసిన కేసు. అందులో ఏం చెప్పారంటే:

ఆరేళ్ళ లోపు బిడ్డ తల్లితో జైల్లో ఉండవచ్చు. ఆ బిడ్డను ఖైదీలాగా చూడకూడదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆటలు బిడ్డకు హక్కుగా దక్కాలి. చంటిపిల్లలకు శిశుగృహం, మూడేళ్ళు దాటినవాళ్ళకు బాలబడి ఉండాలి. గర్భిణి ఉంటే కాన్పు వీలైనంత వరకు బయటి ఆసుపత్రిలో జరగాలి. పుట్టిన బిడ్డ సర్టిఫికెట్లో పుట్టిన చోటు "జైలు" అని రాయకూడదు. ఆరేళ్ళు నిండాక తల్లి ఇష్ట ప్రకారం తగిన మనిషికి అప్పగించాలి. లేదంటే ప్రభుత్వ హాస్టల్లో ఉంచాలి. అలా ఉంచిన బిడ్డకు వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలి.

చూడటానికి పోవడం కూడా సులువు కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్ళ ప్రత్యేక జైళ్ళు కొన్నే. హైదరాబాదు చంచల్‌గూడలో, రాజమహేంద్రవరంలో, కడపలో ఉన్నాయి. మారుమూల ఊరి నుంచి పోవాలంటే ఒకరోజు కూలి, బస్సు చార్జీ పోతాయి.

పాపకు మొదట్లో "అమ్మ ఊరెళ్ళింది" అని చెప్పారు. బడి పిల్లలేమో "మీ అమ్మ జైల్లో ఉంది" అన్నారు. పాప ఎవరి మాట నమ్మాలి? నేను అవ్వకు చెప్పి, ఇద్దరం కలిసి పాపకు నిజం చెప్పాం. "అమ్మ జైల్లో ఉంది. తమ్ముడు అమ్మ దగ్గరే ఉన్నాడు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. అమ్మను చూడటానికి పోదాం" అన్నాం. పాప ఏడ్చింది. తర్వాత "తమ్ముడికి బిస్కెట్లు తీసుకుపోవచ్చా?" అని అడిగింది. ములాఖత్ రోజు చూసుకుని తీసుకెళ్ళాం. మర్నాడు పాప తనంతట తానే బడికి వచ్చింది.

మనం ఏం చేయగలం?

అక్కలారా, చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని గడపదాకా తేవాల్సింది మనం.

ఒకటి. ఊళ్ళో ఎవరింట్లోనైనా ఇలా జరిగితే ఆ రోజే ఆ ఇంటికి పోండి. పిల్లలు తిన్నారా అని అడగండి.

రెండు. దళారీకి డబ్బివ్వకండి. 15100కు ఫోను చేయండి.

మూడు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. తెల్లకాగితం మీద అసలే వద్దు. ఇన్నాళ్ళు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే.

నాలుగు. పిల్లల్ని బడి మాన్పించనివ్వకండి. చూసేవాళ్ళు లేకపోతే 1098కి ఫోను చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు. బాలల సంక్షేమ సమితికి అర్జీ ఇవ్వండి. అర్హత ఉన్న పిల్లలకు నెలనెలా సాయం వచ్చే పథకం కూడా ఉంది.

అయిదు. మీ పిల్లల నోట "జైలోళ్ళ పిల్ల" అనే మాట రాకుండా చూసుకోండి. ఆ మాట వాళ్ళు మన దగ్గరే నేర్చుకుంటారు.

పాప అమ్మ నాలుగు నెలలకు ఇంటికి వచ్చింది. నాన్నకు ఆ తర్వాత బెయిలు దొరికింది. కేసు ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకు ఇద్దరూ పోతున్నారు. పోయిన మేకలు తిరిగి రాలేదు. ఆ తెల్లకాగితం ఎక్కడుందో తెలియదు. అవ్వకు ఇప్పటికీ ఆ భయం ఉంది. అయితే వాయిదా చీటీ మీద తారీకు మాత్రం ఇప్పుడు పాపే చదివి చెబుతోంది.

ఆ పది రోజులు నేను పోగొట్టాను. మీరు ఒక్క రోజు కూడా పోగొట్టకండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. రిమాండుకు, శిక్షకు తేడా ఏమిటి?
2. ఉచితంగా లాయరు కావాలంటే ఎక్కడికి పోవాలి? ఫోను నంబరు ఏమిటి?
3. జామీను ఉండే ముందు ఏం తెలుసుకోవాలి?
4. మన ఊళ్ళో ఇలాంటి కష్టంలో ఉన్న ఇల్లు ఉందా? రేపు ఎవరెవరం పోదాం?