కీలు మార్పిడియు బిల్లు లెక్కయు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి పట్టభద్రులై హైదరాబాదు చేరిన యువతీయువకులలో కొందరు, అమెరికా ఆసుపత్రుల ఆపరేషను రిపోర్టులను చదివి, ప్రతి చికిత్సకును ఒక సంఖ్యను నిర్ణయించు మెడికల్ కోడింగు వృత్తిలో కుదురుకొనియున్నారు. మోకాలి కీలును సంపూర్ణముగా మార్చినచో 27447 అని వ్రాయుదురు. కుడికాలో ఎడమకాలో విడిగా తెలుపవలెను. అచ్చటి వృద్ధుల ప్రభుత్వ బీమాయగు మెడికేర్ నిబంధన ననుసరించి, పిమ్మట 90 దినములవరకు జరుగు మామూలు పరామర్శలు మొదటి రుసుములోనే యిమిడియుండును. ఆ గడువులోపల మోకాలు బిగుసుకొనిపోయి, రోగిని మరల థియేటరునకు గొనిపోయి, మత్తిచ్చి కీలును వంచి సడలింపవలసి వచ్చినచో, 27570 అను సంఖ్యకు 78 అను గుర్తును తగిలింతురు; అది మరచిన బిల్లు తిరిగివచ్చుట కద్దు. కోడరు నేర్పంతయు ఆ రెండంకెలలోనే బయటపడునని నా యభిప్రాయము.

మన కోనసీమలో మెట్లెక్కలేని మామ్మగారికి ఈ సంఖ్యలతో పనిలేదు; ఆమె కుమారుడు చూడవలసినది కృత్రిమ కీలు ధర. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ, కోబాల్టు-క్రోమియం మోకాలి కీలునకు పన్ను గాక 54,720 రూపాయలను గరిష్ఠముగా విధించి, దాని ధరను, తయారీదారు పేరును, బ్యాచి నంబరును బిల్లులో ప్రత్యేకముగా చూపవలెనని ఆసుపత్రులను ఆదేశించెను. ఆ పరిమితి తరువాత సవరింపబడినది గనుక నేటి ధరను విచారింపవలెను. “ఇంప్లాంటు” అని యొక్కమాటతో మొత్తము వేసి యిచ్చినచో మొగమాటపడక వివర మడుగవచ్చును. ఇంప్లాంటు డబ్బాలోని స్టిక్కర్లను కేసు షీటున అతికింతురు. బిల్లులోని బ్యాచి నంబరును వానితో సరిచూచుకొనవచ్చును.