అంటించిన కవరు

వేదిక మీది గురువులకు, ముందు వరసలో కూర్చున్న మా లెక్కల మాస్టారికి నమస్కారం. సెక్రటరీగారు నన్ను ఇంజనీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉత్తరాల గురించి చెబుతాను, క్షమించాలి.

మా అమ్మాయి అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, నిరుడు లా స్కూలుకు దరఖాస్తు పెట్టింది. అక్కడ 3 ఏళ్ల జె.డి. కోర్సుకు ముందు ఏ డిగ్రీ చదివినా ఫరవాలేదు. పేటెంట్ల పనికైతే ఇంజనీరింగ్ అక్కరకొస్తుంది కూడా. మార్కులు, ఎల్‌శాట్ స్కోరుతో పాటు సాధారణంగా 2 సిఫారసు ఉత్తరాలు కావాలి.

సిఫారసు అనగానే మనవాళ్ల బుర్ర ఎటు పోతుందో మీకు తెలుసు. నాదీ అటే పోయింది. మా కంపెనీలో ఒక పెద్ద లాయరుగారున్నారు, ఆయనచేత రాయిస్తానన్నాను. "ఆయన నన్ను ఎప్పుడైనా చూశారా నాన్నా?" అంది. క్లాసులో పాఠం చెప్పినవాళ్లు రాస్తేనే దానికి బరువట. చివరికి వెళ్లింది ఎవరి దగ్గరికనుకున్నారు? తన మొదటి వ్యాసానికి బి గ్రేడు వేసి, మూడుసార్లు తిరగరాయించిన చరిత్ర మేడమ్ దగ్గరికి. గడువుకు 2 నెలల ముందే, పాత వ్యాసాలన్నీ పట్టుకుని వెళ్లింది. ఆవిడ ఉత్తరాన్ని నేరుగా ఎల్‌శాక్ అనే సంస్థకు పంపారు. అక్కడినుంచి అది లా స్కూళ్లకు వెళుతుంది. చేరాక ఆ ఉత్తరం చూసే హక్కు విద్యార్థికి 1974 నాటి చట్టం ఇచ్చింది. కానీ చాలామంది ఆ హక్కు వదులుకుంటూ సంతకం పెడతారు. విద్యార్థి చూడడని తెలిస్తేనే రాసేవాళ్లు ఉన్నదున్నట్టు రాస్తారని. మా అమ్మాయీ పెట్టింది. ఆవిడ ఏం రాశారో ఈ రోజుకీ దానికి తెలియదు.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మాస్టారూ, టెన్త్ అయ్యాక పట్నంలో ఉచిత హాస్టల్ సీటు కోసం మీరు వార్డెన్‌గారికి ఉత్తరం రాసి, కవరు అంటించి నా చేతికిచ్చారు. బస్సులో, తడివేలితో మెల్లగా దాన్ని తెరిచాను. "ఇతనికి త్రైమాసిక పరీక్షలో 22 మార్కులు వచ్చాయి. తప్పెక్కడుందో తెలిసేదాకా ఇంటికి పోడు. తండ్రి లేడు. సీటివ్వగలరు." అంతే ఉంది. ఆ 22 ఎందుకు రాశారని మీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అమ్మ కట్టిచ్చిన అన్నం మెతుకులతో మళ్లీ అంటించాను. వార్డెన్‌గారు కవరుకేసి చూశారు, నాకేసి చూశారు, ఏమీ అనలేదు. సీటిచ్చారు.

ఇన్నాళ్లూ మీకు చెప్పలేకపోయాను. మా అమ్మాయికీ చెప్పలేదు. సావనీరు వచ్చాక చదివి వినిపించాలి.