ఆ ఒక్క గంట పిల్లలకు ఇడుద్దాం
(సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు, 2025)

నేను పదో తరగతి వరకు చదివిన. సంఘానికి లీడర్‌ను. సాయంత్రాలు మన కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లలకు కరాటే నేర్పిస్త. పొదుపు, అప్పుల లెక్కలు వేరే అక్కలు చెప్తరు. నేను కరాటే సంగతే చెప్త.

"ఆడపిల్లకు కొట్లాటలు ఎందుకు నేర్పుతున్నవ్?" అని నన్ను గల్లీలో చానామంది అడిగిన్రు. కరాటే జపాన్ దిక్కు ఒకినావా దీవుల్లో పుట్టింది. 1922లో దాన్ని టోక్యోలో చూపించిన ఫునకోషి అనే ఆయన బడి పంతులు. మొదటి దెబ్బ మనది కాగూడదు అన్నది ఆయన పెట్టిన పద్ధతి. నేను గూడ మొదట అదే చెప్త. ఎవడన్న చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవాలె, గట్టిగ ఒర్లాలె, జనం ఉన్న దిక్కు ఉరకాలె. తర్వాత ఇంట్ల చెప్పాలె. షీ టీమ్స్ 2014 నుంచి మన సిటీలో ఉన్నయి, 181 నంబరు ఉన్నది. ఇంట్ల చెప్పుడే అన్నిటికన్న కష్టం. మనం పిల్లనే తిడతం గద!

ఇగ మతం సంగతి. కరాటేలో క్లాసు మొదట్ల, ఆఖర్ల నడుం వంచి దండం పెట్టే పద్ధతి ఉన్నది. ఒక ఆపా వచ్చి, "మేము అల్లా ముందు తప్ప ఎవరి ముందు వంగం" అన్నది. ఆమె కోపంగ అనలే, మంచిగనే అన్నది. నేను గోడ మీద ఏ ఫోటో పెట్టలే. వంగుడు బలవంతం లేదన్న. వంగేటోళ్లు వంగుతరు, మిగిలినోళ్లు గుండె మీద చెయ్యి పెట్టి తల ఊపుతరు. అవతలి మనిషికి మర్యాద ఇచ్చుడే గద దాని అర్థం. తల మీద గుడ్డ సంగతి గూడ అంతే. టోక్యో ఒలింపిక్స్‌లో, అవి 2021లో జరిగినయి, ఈజిప్టు అమ్మాయి ఫెర్యాల్ హిజాబ్ కట్టుకొనే కరాటేలో బంగారు పతకం గెలిచింది. మన హైదరాబాద్ అమ్మాయి సయ్యదా ఫలక్ గూడ బయటి దేశాలకు పోయి పతకాలు తెచ్చింది. డ్రెస్సు కొనే పైసలు లేకుంటే సల్వార్ కమీజ్ మీదనే రమ్మంటున్న.

ఒక ముచ్చట చెప్త, నాకు చాన ఇష్టమైంది. కరాటేలో మోకాళ్ల మీద, మడమల మీద కూర్చునే కూర్చోడం ఉంటది. నమాజు చదివే పిల్లలు అట్ల ఎంతసేపైనా కూర్చుంటరు. మా ఇండ్లల్ల పిల్లలు రెండు నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కినయని లేస్తరు. అదే నిలబడే దగ్గర చూస్తే, బోనం ఎత్తిన పిల్లకు మెడ నిటారుగ పెట్టుడు, నడుం కదలకుంట అడుగేసుడు చెప్పాల్సిన పని లేదు. బతుకమ్మ ఆడే పిల్లకు అడుగు, చేతులు కలిపి తిప్పుడు తొందరగ వస్తది. ఇండ్లల్ల నేర్చుకున్నయే ఇవన్ని. నాకు సగం పని తల్లులే చేసి పంపిన్రు.

అయితే పండుగలు వచ్చినప్పుడే పిల్లలు తగ్గుతున్నరు. బోనాలు ఆషాఢంలోనే వస్తయి, జరగవు. రంజాన్, మొహర్రం ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతయి. 2016లో రంజాన్ జూన్ 7న మొదలైంది, ఈ ఏడాది మార్చి 2నే వచ్చింది, పదో తరగతి పరీక్షలు గూడ అందులనే. (2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఇంకోసారి, రెండు సార్లు రంజాన్ మొదలైతదట!) ఈసారి మొహర్రం పదో రోజు జూలై 6న, లాల్ దర్వాజా బోనాలు జూలై 20న. బీబీ కా ఆలం ఏనుగు మీద పోతది, అక్కన్న మాదన్న గుడి ఘటం గూడ ఏనుగు మీదనే పోతది. ఆ రోజుల్లో రోడ్లు బంద్ ఉంటయి, పోలీసోళ్లు ఉంటరు, క్లాసు ఎట్ల జరుగుతది? దానికి ఎవరికీ బాధ లేదు, రెండు మూడు రోజులే.

బాధంతా నెలకు నెల పోయే పిల్లలతోనే. "రోజా ఉన్నది, అందుకే రాదు" అని అందరూ అంటరు. నేను ఇండ్లకు పోయి చూసిన. రోజా ఉన్న పిల్ల గూడ కూర్చొని చేసే కసరత్తులు, మెల్లగ చేసే అడుగులు సంతోషంగ చేస్తది, కొట్లాట ఆట నేను పెట్టనే పెట్టను. ఆమెను ఆపుతున్నది పని. ఈద్ ముందు లాడ్ బజార్‌కు లక్క గాజులు పోవాలె, రాళ్లు అతికించే పని ఇంటికి వస్తది, డజన్ల లెక్క. మా దిక్కు శ్రావణం పెండ్లిళ్లు వస్తున్నయంటే ఆషాఢంలనే మగ్గం పని, బ్లౌజుల పని మొదలైతది. ఈ పనులకు సరుకు కొననీకి అప్పు మనమే ఇస్తున్నం. కిస్తీ తారీఖు దగ్గరికి వస్తే తల్లి ఎవరిని కూర్చోబెడుతది? పన్నెండు పదమూడేండ్ల ఆడపిల్లనే. మగపిల్లగాడు అప్పుడు పతంగి ఎగరేస్తుంటడు.

మొదటేడు రంజాన్‌కు అందరూ అనుకొని క్లాసు నెలంతా బంద్ పెట్టినం. మళ్ల తాళం తీసినప్పుడు పెద్ద పిల్లలు ఎక్కువమంది రాలే. చేతికి పని అలవాటైతే చేతిలో పైసలు కనిపిస్తయి, తల్లి ఇడువది. నేను తల్లిని తప్పు పట్టను, నేను గూడ గాజుల పని చేసిన దాన్నే. ఇప్పుడు రంజాన్‌లో ఆదివారం పొద్దున ఒక గంట పెడుతున్న. వచ్చిన పిల్లలు ఈద్ అయినంక గూడ వస్తున్నరు.

అందుకే సమాఖ్యను మూడు అడుగుతున్న. హాల్లో అప్పుల మీటింగు మంగళ, గురువారాలు సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు పెట్టకుండ్రి, పిల్లలు బయట నిలబడుతున్నరు. గాజులకు, మగ్గానికి అప్పు రాసే రోజు సంఘం లీడర్ ఒక్క మాట అడగాలె: ఇంట్ల పిల్ల బడికి, క్లాసుకు పోతున్నదా అని. కిస్తీ తారీఖు ఈద్ ముందు వారం పడితే, ఈద్ అయినంక వారానికి మార్చే వీలు చూడాలె. మూడోది పాలకవర్గం చేతిలో ఉన్నది, తీర్మానం రాసి పెట్టిన, చదివి సంతకాలు పెట్టుండ్రి. మొదటి రెండూ మన చేతిలోనే.

హాలు తాళం చెవి నా దగ్గర ఒకటి, కింద కిరాణా దుకాణం ఆపా దగ్గర ఒకటి ఉన్నది. వచ్చే మంగళవారం ఐదింటికి రండ్రి. పిల్లలను తోలుక రండ్రి, మీరు గూడ కూర్చొని చూడుండ్రి.