శ్మశానపు గ్లాసులు

అమెరికాలో అక్టోబరు 31వ తేదీ రాత్రి హాలోవీన్ పండుగ. పిల్లలు దయ్యాల వేషములు వేసికొని యింటింటికి తిరిగి మిఠాయిలు అడుగుదురు. ఆనాటి విందుకు తల్లులు ‘శ్మశానము’ అను తీపి వంటకము చేయుదురు. పేరు అశుభమే గాని రుచి దివ్యము!

అక్కడ కాపురమున్న మేమును చేసితిమి. అరలీటరు పాలలో మూడు పెద్దచెంచాల మొక్కజొన్న పిండి, రెండు చెంచాల కోకో, నాలుగు చెంచాల చక్కెర కలిపి, ఉండకట్టకుండ త్రిప్పుచు చిక్కగా కాచి చల్లార్చవలెను. గాజు గ్లాసులలో అడుగున చాక్లెట్ బిస్కత్తుల పొడి, దానిపై ఈ పుడ్డింగు, ఆపైన గిలకొట్టిన మీగడ, మరల బిస్కత్తు పొడి. అదియే మన్ను! నిలువుగా గ్రుచ్చిన బిస్కత్తు సమాధిరాయి.

చిక్కెల్ల మన్నులోని వానపాములతోనే. అంగడిలో దొరకు జిగురు పాములు చాలవరకు జెలటిన్‌తో చేసినవి. అది పశువుల చర్మము, ఎముకలనుండి తీయబడును. మా మొదటి విందులో శాకాహారుల పిల్ల యొకతె గ్లాసు ముట్టక కూర్చుండెను. మరుసటి యేడు సముద్రపు నాచునుండి వచ్చు అగర్ పొడి, అనగా మన చైనా గ్రాసే, రెండు టీచెంచాలు గిన్నెడు ద్రాక్షరసములో వేసి రెండు నిమిషములు మరగించి, పళ్లెములో పోసి, గట్టిపడిన పిదప సన్నగా కోసితిమి. ఇవి జెలటిన్ పాములవలె సాగవు, పుటుక్కున తెగును. ఆ పిల్ల మూడు పాములు తిని, నాలుగవదానిని తమ్మునికని దాచుకొనెను.