బ్లాక్స్‌బర్గ్‌కు వచ్చిన యాంకీస్

2007 ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఓ విద్యార్థి జరిపిన కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ క్లబ్ స్మారక నిధికి 10 లక్షల డాలర్లు ఇచ్చింది. అంతటితో సరిపెట్టుకోలేదు. 2008 మార్చి 18న ఆ విశ్వవిద్యాలయం ఉన్న బ్లాక్స్‌బర్గ్ వచ్చి, కాలేజీ కుర్రాళ్లతో వాళ్ల మైదానంలోనే ప్రదర్శన మ్యాచ్ ఆడింది.

ముందుగా ఆటగాళ్లు మృతుల జ్ఞాపకంగా పేర్చిన 32 రాళ్ల దగ్గర మౌనంగా నిలబడ్డారు.

యాంకీస్ 11-0తో గెలిచారు. ఆ స్కోరు ఎవరికి కావాలి! నాకు మనసులో నిలిచిపోయింది వేరే దృశ్యం. తన వంతు ఆట అయ్యాక యాంకీస్ జట్టులోని అలెక్స్ రోడ్రిగ్జ్ అంతటి మేటి ఆటగాడు నేరుగా వెళ్లి విద్యార్థుల డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట), వాళ్ల పక్కనే కూర్చున్నాడు.